తిరగేసిన లక్ష్మణరేఖ

అమెరికాలో ఉన్న కొడుకు దగ్గరికో కూతురి దగ్గరికో వెళ్లి ఆర్నెల్లు ఉండొచ్చిన పెద్దవాళ్లను కదిపి చూడండి. మంచు కబుర్లు, మాల్ కబుర్లు అయ్యాక కుక్క కబురు ఒకటి బయటికొస్తుంది. ఇంటిముందు పచ్చగడ్డి. గోడ లేదు. గేటు లేదు. కనీసం ఓ తీగైనా లేదు. పక్కింటి కుక్క మాత్రం పరుగెత్తుకుంటూ వచ్చి రోడ్డుకు పది అడుగుల దూరంలో ఠక్కున ఆగిపోతుంది. అవతల ఉడుత గెంతుతున్నా సరే, గీత గీసినట్టు అక్కడే నిలబడి మొరుగుతుంది. 'మన కుక్కకు ఇంత బుద్ధి ఎప్పుడొస్తుందో!' అని అవ్వ బుగ్గలు నొక్కుకుంటుంది.

బుద్ధి కాదు, మంత్రం అసలే కాదు. అక్కడ నేలలో ఒక తీగ ఉంది. కుక్క మెడలో ఒక పట్టీ ఉంది. ఆ రెండింటి మధ్య కంటికి కనిపించని కంచె ఉంది.

ఇప్పుడిది మన దగ్గరికీ వస్తోంది. సెలవులకు వచ్చే పిల్లల సూట్‌కేసుల్లో వస్తోంది, ఆన్‌లైన్ దుకాణాల్లో దొరుకుతోంది. అందుకే ఈ వారం దీని సంగతి చూద్దాం. ఊరికే చూడటం కాదు, మన ఊళ్లో పెట్టి చూద్దాం. ఆళ్లగడ్డ అనుకోండి. ఊరి చివర కొత్తగా కట్టుకున్న ఇల్లు. ఒకవైపు నలభయ్యో నంబరు జాతీయ రహదారి. నంద్యాల నుంచి కడప వైపు వెళ్లే లారీలూ బస్సులూ రాత్రీ పగలూ అని చూడవు. ఇంకోవైపు పొలాలు దాటితే అహోబిలం కొండలు, నల్లమల. ఇంట్లో ఇద్దరు పిల్లలు, ఏడాది నిండిన ల్యాబ్రడార్. గేటు తీస్తే చాలు, బాణంలా బయటికి! మరి ఈ ఇంటికి కనిపించని కంచె పనికొస్తుందా?

తీగ చేసే పని

ముందు ఇది ఎలా పనిచేస్తుందో తెలుసుకుందాం. ఇంట్లో గోడకు ఒక చిన్న పెట్టె. దాన్నుంచి బయల్దేరిన తీగ ఆవరణ చుట్టూ తిరిగి మళ్లీ పెట్టె దగ్గరికే చేరుతుంది. దీన్ని నేలలో రెండు మూడు అంగుళాల లోతున పూడుస్తారు. పెట్టె ఆ తీగలోకి బలహీనమైన రేడియో సంకేతాన్ని పంపుతుంది. కుక్క మెడపట్టీకి ఒక రిసీవరు, చర్మానికి ఆనేలా రెండు మొద్దు లోహపు మొనలు ఉంటాయి. కుక్క తీగకు దగ్గరవగానే పట్టీ 'బీప్' అంటుంది. అయినా ఆగకుండా ముందుకెళ్తే మెడ దగ్గర చురుక్కుమంటుంది. వెనక్కి తగ్గితే ఆగిపోతుంది. అంతే!

రిచర్డ్ పెక్ అనే అమెరికన్ దీనికి 1973లో పేటెంట్ తీసుకున్నాడు. ఆయన ఊరూరా తిరిగే సేల్స్‌మన్. దారిలో వాహనాల కింద పడి చచ్చిన పెంపుడు కుక్కలను చూసీ చూసీ ఆయనకు ఈ ఆలోచన వచ్చిందని చెబుతారు. అక్కడ చాలా కాలనీల్లో ఇంటిముందు గోడ కట్టుకోవడానికి ఇళ్ల యజమానుల సంఘాలు ఒప్పుకోవు. వీధి అందం చెడుతుందట. గోడ కట్టకూడదు, కుక్క పోకూడదు. అలాంటి చోట ఈ తీగ అక్కరకొచ్చింది. పుట్టిన చోటి అవసరం అది.

కరెంటు తీగ కాదు!

ఇక్కడ ఒక్క మాట గట్టిగా చెప్పుకోవాలి. నల్లమల అంచు పల్లెల్లో 'కరెంటు కంచె' అనగానే గుండె గుభేలుమంటుంది. అడవి పందుల బెడదకు కొందరు పొలం చుట్టూ తీగ లాగి నేరుగా కరెంటు కలిపేస్తుంటారు. పందులతో పాటు పశువులు, పులులు, తెల్లవారుజామున నీళ్లు కట్టడానికి వచ్చిన మనుషులు కూడా ఆ తీగలకు బలైన సంఘటనలు తెలుగునాట ఏటా వింటూనే ఉన్నాం. అది నేరం కూడా.

కుక్కల కంచె అది కాదు. నేలలోని తీగను మీరు చేత్తో పట్టుకున్నా షాక్ కొట్టదు. ఆ తీగ కేవలం కబురు మోస్తుంది. చురుక్కుమనేది మెడపట్టీలోని చిన్న బ్యాటరీ వల్ల, అదీ ఆ రెండు మొనల మధ్య చర్మానికి మాత్రమే. ప్లాస్టిక్ కుర్చీలోంచి లేచి తలుపు గడియ ముట్టుకుంటే ఒక్కోసారి చిటుక్కుమంటుందే, ఇంచుమించు ఆ జాతిదే. కాకపోతే మొనలు చర్మానికి ఆనుకునే ఉంటాయి, తీవ్రత పెంచుకునే మీట ఉంటుంది. కాబట్టి ప్రాణం తీయదుగానీ నొప్పి మాత్రం నొప్పే.

ఈ తేడా ఎందుకింత వివరంగా చెప్పాల్సి వస్తోందంటే... 'పెట్టె ఖరీదు ఎందుకు, తీగే కదా, మన ఎలక్ట్రీషియన్‌తో కలిపించేద్దాం' అనే తెలివైనవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉంటారు. దయచేసి ఆ పని చేయకండి. ఆవరణలో కరెంటు తీగ అంటే కుక్కకు కంచె కాదు, పిల్లలకు ఉరి.

సరమ అడిగిన ప్రశ్న

పెట్టె బిగించి, పట్టీ కట్టేసి, 'ఇక నువ్వూ నీ గీతా' అని కుక్కను వదిలేస్తే కంచె పనిచేయదు. ఇందులో తొంభై పాళ్లు పని శిక్షణే.

పద్ధతి ఇదీ. తీగ పొడవునా నాలుగైదు అడుగులకొకటి చిన్న జెండాలు గుచ్చాలి. మొదటి రోజుల్లో చురుకు ఆపేసి బీప్ మాత్రమే ఉంచాలి. కుక్కను పొడవాటి తాడుతో పట్టుకుని జెండాల వైపు నడిపించాలి. బీప్ వినగానే 'రా' అంటూ వెనక్కి పిలవాలి. రాగానే మెచ్చుకోవాలి, ఓ బిస్కెట్ ముక్క పెట్టాలి. పది పదిహేను నిమిషాల చొప్పున రోజుకు రెండు మూడుసార్లు. బీప్ అంటే వెనక్కి తిరగాలని దానికి బాగా ఒంటబట్టాకే, అవసరమైతే అతి తక్కువ స్థాయి చురుకు. ఆ తర్వాత గేటు బయట పిల్లలతో బంతి ఆడించి, ఇంకో కుక్కను నడిపించి పరీక్ష పెట్టాలి. అన్నిటిలోనూ నెగ్గాకే తాడు విప్పాలి. జెండాలు ఒక్కొక్కటిగా తీసేయాలి. తక్కువలో తక్కువ రెండు వారాలు. కొన్నిటికి నెల. ఆర్నెల్లలోపు పిల్లలకు, పిరికివాటికి, కరిచే అలవాటున్నవాటికి ఇది వద్దు.

శిక్షణ లేకపోతే ఏమవుతుంది? మహాభారతం మొదట్లోనే సరమ కథ ఉంది. నన్నయ తెలుగులోనూ ఉంది. జనమేజయుడు యాగం చేస్తున్న చోటికి దేవతల కుక్క సరమ కొడుకు ఆడుకుంటూ వస్తాడు. రాజు తమ్ముళ్లు వాణ్ని కొడతారు. ఆ పిల్ల ఏడుస్తూ తల్లి దగ్గరికి పోతుంది. సరమ వచ్చి రాజును నిలదీస్తుంది... నా కొడుకు హవిస్సును ముట్టలేదు, చూడనైనా లేదు, ఏ తప్పూ చేయని పసివాణ్ని ఎందుకు కొట్టారని. జవాబు లేదు. ఎక్కణ్నుంచి వస్తాయో తెలియని భయాలు మిమ్మల్ని చుట్టుకుంటాయని శపించి పోతుంది.

శిక్షణ లేకుండా మెడపట్టీ కట్టిన ప్రతి కుక్కా అడిగేది సరమ ప్రశ్నే. నేనేం చేశాను? తీగ దానికి కనిపించదు. వాసన రాదు. నొప్పి మాత్రం తెలుస్తుంది. ఆ నొప్పి పుట్టిన క్షణంలో కళ్లెదుట ఏది ఉంటే తప్పు దానిదే అనుకుంటుంది. వీధిలో పాల ప్యాకెట్లు వేసే అబ్బాయి కనిపిస్తే ఆ అబ్బాయి. సైకిల్ మీద పోయే పాప కనిపిస్తే ఆ పాప. నిన్నటిదాకా తోక ఊపిన కుక్క, ఇవాళ పిల్లల్ని చూసి పళ్లు బయటపెడుతుంది. ఇంకొన్ని కుక్కలు ముంగిట్లోకి అడుగు పెట్టడానికే జంకి వరండా మూల ముడుచుకుంటాయి. సరమ శాపం కుక్కకు తగులుతుంది, ఆ తర్వాత ఇంటివాళ్లకు!

ఇలాంటివి చూసే చాలామంది పశువైద్యులు, జంతువుల మేలు కోరే సంఘాలు షాక్ పట్టీలను వ్యతిరేకిస్తున్నారు. బ్రిటన్‌లోని వేల్స్ 2010లోనే కుక్కలకు, పిల్లులకు ఇలాంటి పట్టీలు వాడటాన్ని నిషేధించింది. కొన్ని పట్టీలలో చురుకు బదులు బీప్, కంపనం మాత్రమే పెట్టుకునే వీలుంది. ఓపికగా నేర్పితే మెతక స్వభావం ఉన్న కుక్కలకు అదే సరిపోతుంది.

లోపలివాళ్లకేనా గీత?

ఇప్పుడు అసలు చిక్కుకు వద్దాం. కనిపించని కంచె అనగానే మనకు గుర్తొచ్చేది లక్ష్మణరేఖ. వాల్మీకి రామాయణంలో లేకపోయినా ప్రతి తెలుగింట్లో తెలిసిన గీత. ఆ గీత గొప్పతనం ఏమిటి? రావణుడు దాన్ని దాటి లోపలికి రాలేకపోయాడు. సీతమ్మ మాత్రం దాటి బయటికి రాగలిగింది.

కుక్కల తీగ దీనికి సరిగ్గా తలకిందులు. లోపలున్న కుక్క బయటికి పోలేదు. బయటున్న రావణుడు మాత్రం దర్జాగా లోపలికి వస్తాడు! ఎందుకంటే వాడి మెడలో పట్టీ లేదు కదా.

అమెరికా కాలనీలో ఈ లోపం పెద్దగా బాధించదేమో. ఆళ్లగడ్డలో అదే అసలు సంగతి. వీధికుక్కల గుంపు వస్తుంది. గీత దాటి పారిపోలేని మీ కుక్కను మధ్యలో పెట్టి కొరుకుతుంది. అందులో ఒక్కదానికి రేబిస్ ఉన్నా మీ ఇంటిల్లిపాదికీ గండమే. కోతులు వస్తాయి. పాము వస్తుంది. జాతికుక్క మీద కన్నేసిన దొంగ వస్తాడు. గోడ లేదు కాబట్టి వీధిలో ఆడుకునే పిల్లలు బంతి కోసం పరుగెత్తుకుంటూ నేరుగా కుక్క మీదికే వస్తారు.

వీటన్నిటినీ మించింది చిరుత. 2024 జూన్‌లో మన నంద్యాల జిల్లాలోనే, శిరివెళ్ల మండలం పచ్చర్ల దగ్గర చిరుత దాడిలో ఒక మహిళ ప్రాణాలు పోగొట్టుకుంది. అదే నెలలో మహానంది పరిసరాల్లోనూ చిరుత తిరుగుతోందని భక్తులు బిక్కుబిక్కుమన్నారు. అడవిలో ఉండాల్సింది ఊరి పక్కకు ఎందుకొస్తుంది? ఒక కారణం మన కుక్కలే. మహారాష్ట్రలోని అకోలే ప్రాంతంలో, చెరకు తోటల మధ్య బతికే చిరుతలు ఏం తింటున్నాయో విద్యా అత్రేయ బృందం పరిశోధించింది. వాటి మలాన్ని సేకరించి లెక్క కడితే, ఆహారం బరువులో 39 శాతం పెంపుడు, వీధి కుక్కలదేనని తేలింది. మేకలు ఎంతో వెనక! చిరుతకు కుక్క అంటే సులువుగా దొరికే భోజనం. హిమాలయాల్లో గొర్రెల కాపర్లు తమ కుక్కల మెడకు మేకుల్లాంటి మొనలున్న ఇనుప పట్టీలు కట్టేది ఇందుకే. చిరుత ముందుగా పట్టుకునేది మెడనే కదా.

అలాంటప్పుడు రాత్రిపూట కుక్కను తీగ గీసిన ఆవరణలో వదిలేయడమంటే విస్తరి పరిచి పిలవడమే. గొలుసుతో స్తంభానికి కట్టేసినా అంతే. ఆ చిరుత కుక్క కోసం వచ్చి, వరండాలో మంచమేసుకుని పడుకున్న తాతను చూస్తే? కాబట్టి అడవి అంచు ఊళ్లలో మొదటి సూత్రం ఇది. పొద్దుగూకితే కుక్క ఇంట్లో ఉండాలి. లేదా నాలుగు వైపులా, పైన కూడా ఇనుప జాలీ ఉన్న గదిలో ఉండాలి. పైకప్పు మరవకండి. చిరుతకు ఆరడుగుల గోడ ఒక్క గెంతు.

మన నేల, మన ఎండ

పోనీ, పగటిపూటకైనా పనికొస్తుంది కదా అంటారా? కొలతలు చూడండి. ముప్పై అడుగులకు నలభై అడుగుల స్థలం, అంటే దాదాపు మూడు సెంట్లు. చుట్టూ తీగ వేసి, లోపలికి ఆరడుగుల దూరం నుంచే బీప్ వచ్చేలా పెట్టారనుకుందాం. నాలుగువైపులా ఆరేసి అడుగులు పోగా మిగిలేది పద్ధెనిమిదికి ఇరవై ఎనిమిది. 1,200 చదరపు అడుగుల్లో 504. అందులోనే మీ ఇల్లు! పైగా సంకేతం గోడల్లోంచి కూడా పోతుంది. గోడకు ఆనుకుని తీగ ఉంటే పడగ్గదిలో పడుకున్న కుక్కకు కూడా బీప్ మోగొచ్చు. అరవైకి వంద అడుగుల స్థలమైతే 6,000లో 4,224 మిగులుతుంది. అంటే ఇది పెద్ద ఆవరణలకు, తోట ఇళ్లకు తప్ప ఊళ్లో ఇళ్లకు కుదిరే బేరం కాదు.

ఇంకా నేల సంగతి. కుందూ లోయ నల్లరేగడి ఎలాంటిదో రైతులకు చెప్పక్కర్లేదు. వానాకాలం ఉబ్బుతుంది. ఎండాకాలం చెయ్యి పట్టేంత నెర్రెలిస్తుంది. రెండంగుళాల లోతులో బిగుతుగా పూడ్చిన తీగ ఆ లాగుడుకు ఎంతకాలం ఆగుతుంది? తీగ తెగితే కంచె లేనట్టే. పాత ఇళ్లలోలా ముంగిలంతా నాపరాళ్లు పరిచి ఉంటే తవ్వడమే కష్టం. ఈదురుగాలికి కరెంటు పోతే, బ్యాటరీ ఏర్పాటు లేకపోతే పెట్టె మూగబోతుంది. మెడపట్టీలో బ్యాటరీ అయిపోయినా అంతే. మనకు తెలియకపోవచ్చుగానీ, కుక్కకు తెలిసిపోతుంది.

మన ఎండల్లో మెడపట్టీ ఇంకో తలనొప్పి. మొనలు ఒకేచోట గంటల తరబడి ఒరుసుకుంటే చర్మం పుండు పడుతుంది. చెమ్మ తగిలితే చీము. రోజూ పది పన్నెండు గంటలు మించి ఉంచకూడదు, రోజూ తీసి మెడ చూడాలి, తుడవాలి.

ఇన్ని జాగ్రత్తలూ తీసుకున్నా, అన్ని రోజులూ ఒకలా ఉండవు. దీపావళి బాంబులు, ఊరేగింపు డప్పులు, ఎదతో ఉన్న ఆడకుక్క, గీత అవతల పరుగెత్తే పంది... ఆ ఊపులో కుక్క చురుకును లెక్కచేయదు. దాటేస్తుంది. తమాషా ఏమిటంటే, ఊపు తగ్గాక తిరిగి రావడానికి భయపడుతుంది. లోపలికి వచ్చేటప్పుడు కూడా చురుకు తగులుతుంది కదా! ఇంటికి పదడుగుల దూరంలో, రహదారి పక్కన, నిలబడి చూస్తుంటుంది. దేన్ని తప్పించాలని ఈ తీగ వేశామో అక్కడే నిలబెట్టామన్నమాట.

తీగ బదులు ఉపగ్రహాలతో పనిచేసే జీపీఎస్ పట్టీలు కూడా వచ్చాయి. నేల తవ్వే పని లేదు. కానీ వాటి లెక్క కొన్ని మీటర్లు అటూ ఇటూ అవుతుంది. చెట్ల కింద, గోడల పక్కన మరింత తప్పుతుంది. పదెకరాల తోటకు ఫర్వాలేదు. రహదారి పక్క ముంగిలికి ఆ కొన్ని మీటర్లే ప్రాణం. అయితే పారిపోయిన కుక్క ఎక్కడుందో వెతకడానికి మాత్రం జీపీఎస్ మంచి తోడు.

రాయికి కొదవా?

మరి ఏం చేయాలి? దూరం వెళ్లక్కర్లేదు. ఆళ్లగడ్డ రాయిని చెక్కి దేవుణ్ని చేసే శిల్పుల ఊరు. చుట్టుపక్కల బేతంచెర్ల, బనగానపల్లె, కొలిమిగుండ్ల... అన్నీ నాపరాయి పండే నేలలే. పాలిష్ పట్టిన రాయి నట్టింట్లోకి పోతుంది. పట్టని బండను నిలువునా పాతితే ఆవరణకు గోడ అవుతుంది. చెద పట్టదు, తుప్పు పట్టదు, కరెంటు అడగదు, బ్యాటరీ అడగదు. ముఖ్యంగా, అటువైపు వాళ్లను కూడా ఆపుతుంది.

బండ నిలబెట్టేటప్పుడు కొన్ని గుర్తుంచుకోండి. కనీసం అడుగున్నర లోతు పాతాలి, లేకపోతే నల్లరేగడి ఉబ్బుకు ఒరిగిపోతుంది. బండకూ బండకూ మధ్య సందు కుక్క తల పట్టనంత ఉండాలి. తల పడితే ఒళ్లంతా పడుతుంది, లేదా తల ఇరుక్కుంటుంది. తవ్వే అలవాటున్న కుక్క అయితే గోడ వెంబడి లోపలివైపు ఒక వరుస బండలు పరిచేయండి. రెండ్రోజులు గోకి మానేస్తుంది. ల్యాబ్రడార్‌కు ఐదడుగుల ఎత్తు చాలు. మన నాటుకుక్కలు, రాజపాళయం లాంటివి ఆరడుగులనూ అవలీలగా దూకుతాయి. గోడ పక్కన కట్టెల మోపు, నీళ్ల డ్రమ్ము పెట్టి వాటికి నిచ్చెన వేయకండి. అంత ఖర్చు పెట్టలేకపోతే రాతి స్తంభాలకు ఇనుప జాలీ బిగించినా మేలే.

పారిపోయే కుక్కల్లో చాలా వాటికి దారి గేటే. గేటు కింద జానెడు సందు, బడికి పోతూ పిల్లలు తీసి వదిలేసిన గొళ్లెం, అతిథి రాగానే బార్లా తెరుచుకున్న తలుపు. గేటు లోపల ఇంకో చిన్న గేటు పెట్టండి. మొదటిది మూశాకే రెండోది తీయాలన్న నియమం పెట్టండి. పశువుల దొడ్డిలో మన పెద్దలు పాటించిన సంగతే ఇది.

కనిపించని కంచెను పూర్తిగా కొట్టిపారేయనక్కర్లేదు. చుట్టూ జాలీ ఉన్న తోటలో కుక్క జాలీ కింద తవ్వుతుంటే, బావి దగ్గరికో నీళ్ల సంపు దగ్గరికో పోతుంటే, ఆ ఒక్క చోటికి తీగ వేసి, బీప్ మాత్రమే పెట్టి, శ్రద్ధగా నేర్పితే పనికొస్తుంది. కనిపించే కంచెకు తోడుగా సరే. దానికి బదులుగా వద్దు.

అసలెందుకు పోతుంది?

ఇంతకీ కుక్క బయటికి ఎందుకు పరుగెడుతుందో ఆలోచించామా? పొద్దున్నుంచి గొలుసుకు కట్టేసి ఉంటే, గేటు తెరిచిన క్షణమే దానికి పండగ. జంతుహింస నివారణ చట్టం 1960లోనే ఈ మాట ఉంది. మరీ పొట్టి గొలుసుతో, మరీ బరువైన గొలుసుతో అదే పనిగా కట్టేయడం, ఎప్పుడూ కట్టేసి ఉంచే కుక్కను తిప్పకపోవడం పదకొండో సెక్షన్ కింద నేరాలు. రోజుకు రెండుపూటలా అరగంట చొప్పున తాడుతో నడిపించండి. ఇంట్లో ఆడించండి. సగం పరుగులు అక్కడే ఆగిపోతాయి. మగకుక్కకు సంతానం అక్కర్లేదనుకుంటే కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయిస్తే ఊళ్లు పట్టి తిరగడం బాగా తగ్గుతుంది. ఈ రెండూ ఏ తీగకన్నా చవక.

కుక్క బయటికి పోతే నష్టం దానికొక్కదానికే కాదు. రహదారి మీద హఠాత్తుగా కుక్క అడ్డొస్తే పడిపోయేది బైకు మీద భార్యాబిడ్డలతో వెళ్లే మనిషి. మన పెంపుడు జంతువు వల్ల మనుషులకు ప్రమాదం రాకుండా జాగ్రత్త పడకపోతే, 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలు, 5,000 రూపాయల దాకా జరిమానా లేదా రెండూ పడొచ్చు. 'మా కుక్క ఎవర్నీ ఏమీ అనదండీ' అన్న మాట అక్కడ చెల్లదు.

కంచె విలువ సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2025 నవంబరు 7న కోర్టు బడులు, ఆసుపత్రులు, బస్టాండ్లు, రైల్వేస్టేషన్ల వంటి చోట్లకు వీధికుక్కలు రాకుండా కంచెలు, ప్రహరీలు, గేట్లు ఏర్పాటు చేయాలని ఆదేశించింది. అక్కడ అడిగింది కంటికి కనిపించే కంచెనే!

ఎంత గట్టి కంచె ఉన్నా ఇంకో కంచె తప్పనిసరి. అది టీకా. కుక్కపిల్లకు మూడు నెలలప్పుడు రేబిస్ టీకా, ఆ తర్వాత డాక్టరు చెప్పినట్టు బూస్టరు, ఏటా ఒకటి. ఇంట్లో కుక్కయినా, వీధికుక్కయినా ఎవరినైనా కరిస్తే గాయాన్ని పారే నీళ్లతో, సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. పసుపు, కారం, సున్నం పెట్టకూడదు. వ్యాధి లక్షణాలు బయటపడ్డాక రేబిస్‌కు మందు లేదు. మన మెడపట్టీలు, తీగలు, గోడలు అన్నీ దాని ముందు దిగదుడుపే.

ఈ ఆదివారం ఓ పని చేయండి. సాయంత్రం చల్లబడ్డాక పిల్లల్ని వెంటబెట్టుకుని మీ ఆవరణ చుట్టూ ఒకసారి నడవండి. నిలబడి కాదు, వంగి, కుక్క కంటి ఎత్తు నుంచి చూడండి. గేటు కింద సందు ఎంతుంది? గోడ మూలలో రాయి ఎక్కడ ఊడింది? కట్టెల మోపు ఎక్కడుంది? రాత్రి అది పడుకునే చోటికి పైకప్పు ఉందా? పిల్లలకు ఇలాంటివి మనకన్నా ముందు కనిపిస్తాయి. వాళ్లు చూపించిన సందులన్నీ ఒక కాగితం మీద రాసుకుని, రేపు మేస్త్రీని పిలవండి. కుక్క ఎలాగూ గీత చదవలేదు. గోడ అయితే చదవగలదు.